దొంగ హెచ్చరిక

కోనసీమకు నైరుతి కొసన, వశిష్ఠా గోదావరి సముద్రమున కలియు అంతర్వేదికి చేరువలో, మోరి యను గ్రామము కలదు. జీడిపప్పునకు అది పేరుపొందినది. జీడిగింజలు కాల్చుట, పెంకు కొట్టుట, పొర తీసి పప్పు ఏరుట అచ్చటి అనేక కుటుంబములకు, ముఖ్యముగా స్త్రీలకు, జీవనోపాధి. 2016వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆ గ్రామమునకు మరియొక ప్రసిద్ధి కలిగెను. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడింటిని ఒకే ఫైబరు తీగపై ఇంటింటికి అందించు పథకమును రాష్ట్ర ప్రభుత్వము మొట్టమొదట ఆ పల్లెలో ప్రవేశపెట్టెను. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన సాలమన్ డార్విన్ గారి స్వగ్రామము మోరియే. ఆయన మూలమున ఆ విశ్వవిద్యాలయమునకును ఈ జీడితోటల పల్లెకును సంబంధము కుదిరినది. మరుసటి యేడు, 2017 డిసెంబరు 27వ తేదీన, నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఆ పథకమును రాష్ట్రమంతటికిని ప్రారంభించిరి. ఆనాటి రుసుము నెలకు 149 రూపాయలు. విద్యుత్ స్తంభముల మీదుగా, కొబ్బరిమట్టల నడుమ దూరి, నల్లని సన్నతీగ ఊరూర ప్రాకెను.

ఆ చుట్టుప్రక్కల గ్రామములలో ఒకదానియందు వృద్ధ దంపతులు నివసించుచుండిరి. ఆయన నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఉద్యోగకాలమున పెక్కు సంవత్సరములు లొల్ల లాకుల వద్ద గడచుటచే ఊరివారు ఆయనను లాకుల తాతగారని పిలుచుచుండిరి. లాకు పని ఎరుగనివారికి ఒక మాట చెప్పవలెను. కాలువలో ఎగువ నీటి మట్టము వేరు, దిగువ నీటి మట్టము వేరు. నడుమ రెండు జతల తలుపులుండును. పడవ లోనికి వచ్చిన పిదప వెనుక తలుపులు మూసి, నీరు సమమట్టమునకు వచ్చువరకు ఆగి, అటుపిమ్మట ముందు తలుపులు తెరచెదరు. రెండును ఒక్కమారు తెరువరాదు. పడవవాడు ఎంత తొందరపెట్టినను తెరువరాదు. నీటి కొలత, గంట, తలుపుల స్థితి రిజిస్టరులో వ్రాయకుండ తాతగారు ఏనాడును భోజనమునకు లేచినవారు కారు. విశ్రాంతి పొందిన పిదప కూడ ఒక పాత రిజిస్టరును ఇంటికి తెచ్చుకొని, అందు మిగిలిన తెల్లకాగితములపై వానలు, వరదలు, కొబ్బరికాయల దింపులు గళ్లు తప్పకుండ వ్రాసికొనుచుండిరి.

హెచ్చరిక యనిన ఆయనకు మిక్కిలి గౌరవము. గోదావరి డెల్టాలో పుట్టినవారికి అది సహజము. ధవళేశ్వరము ఆనకట్ట వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినచో మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మూడవ హెచ్చరిక వెలువడినదనిన లంకలలోని వారు పశువులను విప్పుకొని గట్టుదారి పట్టవలసినదే. 1986 ఆగస్టులో ఆనకట్ట వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు పారిన మహావరదను తాతగారు యౌవనమున కన్నులార చూచిరి. హెచ్చరిక విని కదలినవారిని, వినక చూరులు పట్టుకొని వ్రేలాడినవారిని కూడ చూచిరి. 2022 జూలైలో మరల 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు, ఆయన ఇంటింటికి పోయి బియ్యము అటకలపై పెట్టించిరి. ఈ సంగతి ఇంత వివరముగ చెప్పుటకు కారణము ముందు తెలియగలదు.

ఆయన కుమార్తెయు అల్లుడును కువైట్ దేశమున పనిచేయుచుండిరి. ఆ సీమలో అది వింత కాదు. వారి కుమారుడు తాతగారింట ఉండి ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండెను. కరోనా కాలమున పాఠములు వినుటకై కొన్న కంప్యూటరు ఆ యింటి ముందుగదిలో ఉండెను. రాత్రి ఎనిమిది గంటలకు కుమార్తె ముఖము అందు కనబడును. అమ్మమ్మ వంటపాత్ర చేతబట్టుకొనియే వచ్చి ఎదుట నిలుచుండును. పెంకుటిల్లు తీసి స్లాబు వేయవలెనని కుమార్తె పంపిన సొమ్ము, 2,40,000 రూపాయలు, తాతగారి ఖాతాలో చేరియుండెను. ఆ ఖాతాను కంప్యూటరునుండియే చూచుకొను ఏర్పాటును కూడ ఆమెయే చేసిపెట్టినది.

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒక మధ్యాహ్నము మనుమడు బడికి పోయెను. అమ్మమ్మ పెరటిలో కొబ్బరాకులనుండి చీపురు పుల్లలు తీయుచుండెను. ఎగువను వానలు కురియుచున్నవని విని, ధవళేశ్వరము వద్ద మట్టమెంత యున్నదో చూతమని తాతగారు కంప్యూటరు ముందు కూర్చుండిరి. ఏదో ఒక పుట తెరచిరి. అంతలో తెర యంతయు ఎఱ్ఱనైపోయెను. ఆంబులెన్సు కూతవంటి ధ్వని బయలుదేరెను. కంప్యూటరునకు ఐదు వైరసులు సోకినవనియు, దానిని ఆపరాదనియు, ఆపినచో బ్యాంకు వివరములు, చిత్రములు సర్వము నశించుననియు, వెంటనే ఈ సంఖ్యకు ఫోను చేయవలెననియు పెద్ద అక్షరములతో కనబడెను. ఒక మూల నిమిషములు తరుగుచుండెను. మూయుటకు గుర్తేదియు కానరాలేదు.

“ఏమండీ, ఆ గోలేమిటండీ?” అని పెరటినుండి అమ్మమ్మ కేక వేసెను.

“ఏమీ లేదు, నీ పని చూసుకో,” అని తాతగారు ఫోను చేతికి తీసికొనిరి.

ఇట్టి మోసములలో చిక్కుటకు అజాగ్రత్తయే కారణమని పలువురు చెప్పుదురు. ఆ మాట సగము సత్యము. అజాగరూకుడు ఆ తెరను విసుగుతో ఆపివేసి పోయి నిద్రించియుండును. హెచ్చరికను లెక్కచేయుట నేర్చినవాడు, ఇల్లు కాపాడుకొనవలెనను తపన గలవాడు మాత్రమే ఫోను చేయును. దొంగ ఆ సుగుణమునే పట్టుకొని లాగును.

అవతల పలికిన గొంతు మిక్కిలి మర్యాదగా ఉండెను. “సార్, మీరు అదృష్టవంతులు. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే అంతా పోయేది,” అని ఊరడించెను. ఒక చిన్న ఉపకరణమును కంప్యూటరులోనికి దింపుకొమ్మని, దానియందు కనబడిన సంఖ్యను చదువుమనెను. తాతగారు చదివిరి. ఆ ఉపకరణము దూరముననున్న మనుష్యుని చేతికి మన కంప్యూటరును అప్పగించునది. మరమ్మతులకై సద్బుద్ధితో చేసిన పనిముట్టే. దానిని దొంగలు వాడుచున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించియుండెను. తాతగారు చేయి పెట్టకయే తెరపై బాణపుగుర్తు కదలి, ఒక పెద్ద పట్టికను తెరచెను. అందు వరుసగా ఎఱ్ఱగుర్తులు, పసుపుపచ్చని ముక్కోణములు.

“చూశారా సార్, ఇవన్నీ దొంగలు దూరిన గుర్తులే.”

తాతగారికి చెమటలు పట్టెను. శుద్ధి చేయుటకు 4,999 రూపాయలని గొంతు చెప్పెను. కార్డుపై సంఖ్యలు చెప్పించుకొని, ఫోనుకు వచ్చిన ఆరంకెలను కూడ చెప్పించుకొనెను. “మూడు రోజులు కంప్యూటర్ ఆపకండి సార్. శుద్ధి లోపల జరుగుతూ ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకండి, వాళ్లు కంగారుపడి ఆపేస్తారు,” అని చెప్పి ఫోను పెట్టివేసెను.

ఎవరికిని చెప్పవలదనుట ఆ సంభాషణ యంతటిలో మిగుల నేర్పరితనముగల మాట. ఏ వరద హెచ్చరికయైనను పొరుగువానికి చెప్పవలదని చెప్పునా? సాయంకాలమునకే ఈ సందేహము తాతగారికి కలిగినది. కాని అప్పటికి సొమ్ము పోయెను. చెప్పిన నలుగురును నవ్వుదురు. కువైట్‌లో ఎండను ఓర్చుకొని పంపిన సొమ్ములో ఐదువేలు ఇట్లు చేసితినని కుమార్తెకు ఏ ముఖముతో చెప్పుట? శుద్ధి నిజముగ జరుగుచున్నదేమో అని తన్ను తానే మభ్యపెట్టుకొనిరి. ఆ మూడు దినములు రిజిస్టరులో ఏమియు వ్రాయలేదు. పులుసు వడ్డించిన చారు పోసికొనిరి, చారు వడ్డించిన మజ్జిగ అడిగిరి. అమ్మమ్మ గమనించెను గాని, వరద భయమనుకొనెను.

ఆ యింట మరియొకరు కూడ మౌనము వహించియుండిరి. నెల దినములకు ముందు మనుమడు వెలగల ఆట నొకదానిని ఉచితముగ దొరకుచున్నదని దొంగప్రతిని దింపుకొనెను. దింపుకొనునప్పుడు రక్షణ ఉపకరణము అడ్డుపడగా, ఆటతో వచ్చిన సూచన ప్రకారము దానిని ఆపివేసెను. ఒక చిన్న గడిలో ‘అనుమతించు’ అని కనబడిన చోటనెల్ల నొక్కెను. నాటినుండి తెర కుడిమూలలో అడుగని ప్రకటనలు లేచుచుండెను. కంప్యూటరు ఏ పనియు లేనప్పుడు కూడ రొప్పుచు, వేడెక్కుచుండెను. తాతయ్య కోపగించునని బాలుడు నోరు మెదపలేదు.

కొబ్బరి రైతులకు ఇట్టి వ్యవహారము క్రొత్తది కాదు. కొమ్ముపురుగు మొవ్వులో దూరి లేతాకును కొరుకును. ఆకు విచ్చుకొన్నప్పుడు కత్తెరతో కోసినట్లు కనబడును. అది పైకి తెలియు తెగులు. ఇనుప కొక్కెముతో పురుగును లాగి పారవేయవచ్చును. కాని ఆ గాయపు వాసనకు ఎఱ్ఱముక్కు పురుగు వచ్చి చేరును. అది మ్రాను లోపల గ్రుడ్లు పెట్టును. పిల్లలు లోని మెత్తని భాగమును తినుచుండ, చెట్టు నెలల కొలది పచ్చగనే యుండును. చెవి ఆనించి విన్నవారికి నమలు చప్పుడు వినవచ్చును. తెరపై లేచు దొంగ కిటికీలు మొదటి జాతివి. చప్పుడు చేయక లోపలనుండి ప్రతి మీటనొక్కును వ్రాసికొని యజమానికి పంపునవి రెండవ జాతివి. వానినే స్పైవేరు అందురు. మొదటిదానితో పోరాడువారు రెండవదానిని మరచుటయే తరచు జరుగును.

మూడవ నాటి రాత్రి ఏడున్నర గంటలు. మనుమడు సాంఘికశాస్త్ర పాఠమునకై కంప్యూటరు ముందు కూర్చుండెను. తాతగారు అరుగుపై వాలుకుర్చీలో ఉండిరి. ఉన్నట్లుండి బాణపుగుర్తు బాలుని చేతినుండి జారి, తనంత తాను నడువసాగెను. బ్యాంకు పుట తెరచుకొనెను. తాతగారి పేరు, రహస్యపదము వానియంతట అవియే పడెను. సరిగా అదే క్షణమున అరుగుపై ఫోను మ్రోగెను.

“సార్, శుద్ధి పూర్తయింది. చివరి తనిఖీ. ఇప్పుడొచ్చిన అంకెలు ఒక్కసారి చదవండి.”

“నాలుగు... తొమ్మిది...” అని తాతగారు కళ్లజోడు సవరించుకొనుచు చదువసాగిరి.

బాలుడు తెరపై 90,000 అను సంఖ్యను చూచెను. అరుగుపైనుండి వచ్చు అంకెలను వినెను. రెండును కలిపి అర్థము చేసికొనుటకు ఎంతో వ్యవధి పట్టలేదు. “తాతయ్యా! చెప్పొద్దు! చెప్పొద్దు తాతయ్యా!” అని అరచుచు, గోడనున్న ఫైబరు పెట్టె తీగను ఊడబెరికెను. తాతగారు నాలుగంకెలు చెప్పియుండిరి. ఐదవది పెదవిపై ఉండెను. అవతలి గొంతు, “త్వరగా సార్, టైం అయిపోతోంది, త్వరగా,” అని తొందరపెట్టుచుండెను. ఆ తొందర మాట చెవిని పడగనే ఆయన చేయి దానంతట అదియే ఫోనును క్రిందికి దింపెను.

పిదప కొంతసేపు ఆ యింట ఎవరును మాటాడలేదు. అమ్మమ్మ గుమ్మములో నిలిచి ఇరువురి ముఖములు చూచెను. తాతగారు మొదట చెప్పిరి. ఆయన చెప్పి ముగించకమునుపే బాలుడు ఏడ్చుచు ఆట సంగతి చెప్పెను. “నా వల్లే తాతయ్యా,” అని వాడు, “నీ వల్ల కాదురా, తలుపు తీసింది నేను,” అని ఆయన. అమ్మమ్మ ఇరువురిని కసరెను. “ఎవరివల్లో తరవాత తేల్చుకోండి. మిగతా డబ్బు ఉందో లేదో ముందు కనుక్కోండి,” అనెను. ఆ రాత్రి ఆ యింట పలికిన మాటలలో పనికివచ్చినది ఇదియే.

సైబరు నేరములను తెలుపుటకు దేశమంతటికి 1930 అను ఒకే ఫోను సంఖ్య కలదు. తాతగారు దానికి ఫోను చేసిరి. ఈ సంఖ్య పనిచేయు విధము తెలిసికొనదగినది. దొంగిలిన సొమ్ము ఒక ఖాతాలో నిలిచియుండదు. గంటల వ్యవధిలో ఖాతానుండి ఖాతాకు దూకుచు పోవును. ఫిర్యాదు అందగనే ఆ వివరము సంబంధించిన బ్యాంకులకు చేరును. సొమ్ము ఏ ఖాతాలో కనబడిన అచ్చటనే దానిని నిలిపివేయుదురు. అందుచే తొలిగంటలకు విలువ యెక్కువ. తాతగారి 4,999 రూపాయలు పోయి మూడు దినములు గడచుటచే అది దొరకలేదు. తొంబదివేలు మాత్రము కదలలేదు. ఆరంకెలలో రెండు అందకపోయెను. ఆ రాత్రియే కార్డును, ఖాతా కంప్యూటరు సదుపాయమును నిలిపివేయించిరి. మరునాడు రాజోలు పోయి పోలీసులకు వ్రాతమూలకముగ ఫిర్యాదు చేసిరి. కంప్యూటరు ద్వారా వేరొకరుగా నటించి మోసగించినవారికి, సమాచార సాంకేతిక చట్టము 66డి విభాగము క్రింద మూడేండ్ల వరకు జైలుశిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును.

మలికిపురమునుండి కంప్యూటర్లు బాగుచేయు యువకుడొకడు సైకిలు మోటారుపై వచ్చెను. మొదట తీగ పెట్టనీయలేదు. ఇంటర్నెట్టు లేకుండగనే కంప్యూటరును నడిపి, అందున్న పనిముట్ల పట్టికను ఒక్కొక్కటిగా తాతగారికి చదివి వినిపించుచు, ఇది మీరు పెట్టుకొన్నదేనా యని అడుగసాగెను. దూరమునుండి నడుపు ఉపకరణము కంప్యూటరు లేచినప్పుడెల్ల తానును లేచునట్లు అమర్చబడియుండెను. ఆటతోపాటు వచ్చి, మీటనొక్కులను వ్రాసికొనుచున్న పనిముట్టు మరియొక పేరుతో దాగియుండెను. బ్రౌజరునకు అంటుకొన్న తోకలు రెండు. ప్రకటనలు పంపుటకు బాలుడు ‘అనుమతించు’ అని నొక్కిన స్థలములు ఇరువదికి పైగా.

“వైరసులు ఐదని వాడు ఎలా లెక్కపెట్టాడు?” అని తాతగారు అడిగిరి. ఆ ప్రశ్న ఆయనను మూడు దినములుగా బాధించుచుండెను.

“లెక్కపెట్టలేదండి. అది ఉత్త బొమ్మండి. ఇంటర్నెట్టులో తెరిచిన పుట మన కంప్యూటర్ లోపలికి తొంగిచూడలేదండి. ఎవరు తెరిచినా ఐదే అంటుందండి.”

“మరి ఆ ఎఱ్ఱగుర్తుల పట్టిక? అది నా కంప్యూటరులోదేగా?”

యువకుడు నవ్వి, తన సంచిలోని క్రొత్త ల్యాప్‌టాపును తీసి, అదే పట్టికను తెరచి చూపెను. అందును ఎఱ్ఱగుర్తులు, పసుపుపచ్చని ముక్కోణములు బారులు తీరియుండెను. “ఇది ఈవెంట్ వ్యూయర్ అంటారండి. ఏ చిన్న పని ఆలస్యమైనా, ఏది ఓసారి తెరుచుకోకపోయినా రాసుకుంటుందండి. మంచి కంప్యూటర్లో కూడా వందలు ఉంటాయండి.”

తాతగారు కొంతసేపు దానిని చూచి, “మా లాకు రిజిస్టరే కదయ్యా ఇది!” అనిరి. తలుపు సందున నీరు కారుట, గొలుసు పట్టుట, చక్రము బిగిసికొనుట, ఇవి యన్నియు వారు ప్రతిదినము వ్రాసినవే. ఆ పుటలను తెలియనివానికి చూపిన, లాకు రేపే కూలునని నమ్మును. తన జీవితమంతయు వ్రాసిన పుస్తకము వంటిదానిని చూపియే దొంగ తన్ను భయపెట్టెనని తెలిసిన పిదప ఆయనకు మొదటిసారిగా కోపము వచ్చెను. అంతకుముందున్నది సిగ్గు మాత్రమే.

ఎఱ్ఱతెర లేచినప్పుడు ఏమి చేయవలెనో కూడ యువకుడు చూపెను. పై ఎడమమూలనున్న ఎస్కేపు మీటను కొంతసేపు నొక్కిపట్టిన తెర చిన్నదగును, మూయుటకు గుర్తు కనబడును. కానిచో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మూడు మీటలను కలిపి నొక్కి, నడుచుచున్న పనుల పట్టికనుండి బ్రౌజరును ముగింపవచ్చును. ఏదియు కానిచో కంప్యూటరునే ఆపివేసిన నష్టము లేదు. విండోసులోని నిజమైన హెచ్చరిక ఫోను చేయుమని సంఖ్య నీయదు. ప్రభుత్వము 2017లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము శుద్ధి పనిముట్లను ఉచితముగనే ఇచ్చును. ఇంతయు చెప్పి, చిత్రములను మాత్రము వేరొక డిస్కులోనికి ఎక్కించి, పరీక్షించి, మిగిలినదంతయు తుడిచి విండోసును క్రొత్తగా వేసెను. ఇంత లోతుగ దూరిన కంప్యూటరును ఏరి శుభ్రము చేయుటకంటె తుడిచివేయుటయే నమ్మకమని అతని మతము. రహస్యపదములను అల్లుని తమ్ముని ఫోనునుండి మార్పించెను. దొంగ చూచుచున్న కంప్యూటరునుండి తాళము మార్చుట వ్యర్థము గదా. 500 రూపాయలు తీసికొని, అమ్మమ్మ ఇచ్చిన పూతరేకును తిని వెడలిపోయెను.

ఇట్టి మోసము నిన్న మొన్న పుట్టినది కాదు. తాతగారు లొల్ల వద్ద మహావరదను చూచిన 1986లోనే లాహోరు నగరమున ఇరువురు సోదరులు ‘బ్రెయిన్’ అను వైరసును వ్రాసిరి. విచిత్రమేమనగా, అందు తమ పేర్లు, దుకాణపు చిరునామా, ఫోను సంఖ్య వ్రాసి, మందు కావలసినవారు తమ్ము సంప్రదింపవచ్చునని కూడ తెలిపిరి. వారు సొమ్ము దోచుటకు చేసినవారు కారు గాని, రోగమును మందును ఒకే చేతినుండి అందించు పద్ధతికి అది తొలి గుర్తు. 1989లో ఎయిడ్సు వ్యాధి సమాచారమను పేర సుమారు 20,000 ఫ్లాపీ డిస్కులు తపాలాలో అనేక దేశములకు పోయెను. కంప్యూటరును తొంబది మారులు నడిపిన పిదప అందలి వివరములు మాయమై, 189 డాలర్లను పనామా దేశపు తపాలాపెట్టెకు పంపవలెనని తెరపై కనబడెను. ఇక తెరపై తనంత తాను లేచు కిటికీని 1990ల చివర ఈథన్ జుకర్‌మన్ అను అమెరికనుడు ప్రకటనల కొరకు రచించెను. దాని ఫలమును చూచి ఆయన 2014లో బహిరంగముగ క్షమాపణ కోరెను. చేసిన పనికి క్షమాపణ చెప్పువారు ఆ రంగమున అరుదు గనుక ఈ మాట వ్రాయదగియున్నది.

లేని వైరసును ఉన్నదని చూపి పనికిరాని మందు నమ్మినవారిపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో వ్యాజ్యము వేసెను. మోసపోయినవారు పది లక్షలకు పైబడిరి; 2012లో న్యాయస్థానము 16 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లింపుమని తీర్పుచెప్పెను. అదే 2012లో అదే కమిషను ఫోను మోసగాండ్రపై ఆరు వ్యాజ్యములు వేయగా, వానిలో చాలవరకు భారతదేశమునుండి నడచుచున్నవని తేలెను. వారు చూపిన మాయయు ఈవెంట్ వ్యూయర్ పట్టికయే. 2025లో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురమున, అమెరికా వారిని ఫోనులపై మోసగించుచుండిన నకిలీ కాల్ సెంటరును పోలీసులు పట్టుకొనిరి. మర్యాదగా మాటాడు ఆ గొంతులు ఎచ్చటనో సముద్రముల కావల నుండునని తలచుట తగదు. చదువుకొని, పని దొరకక, జీతమునకు ఆ కుర్చీలలో కూర్చున్నవారిలో తెలుగు బిడ్డలు లేరని ఎవరు చెప్పగలరు?

కంప్యూటరు బాగుపడిన నాటి రాత్రి ఎనిమిది గంటలకు కువైట్‌నుండి పిలుపు వచ్చెను. అమ్మమ్మ వంటపాత్ర లేకుండ వచ్చి కూర్చుండుట చూచి కుమార్తెకు అనుమానము కలిగెను. తాతగారు ఒక్క వివరమును విడువక చెప్పిరి. ఆమె కొంతసేపు మాటాడలేదు. తెర నిలిచిపోయినదేమో అని బాలుడు తీగవంక చూచెను.

“ఎంత పోయింది నాన్నా?”

“నాలుగువేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది.”

“పోతే పోయింది. మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదని అమ్మ మొన్న చెప్పింది. నాకు ఆ రోజే ఫోన్ చేసి ఉంటే బాగుండేది,” అని, మరల కొంచెమాగి, “వాణ్ణి కొట్టకండి,” అనెను.

“వాడు లేకపోతే స్లాబు లేదమ్మా,” అని తాతగారు బదులు చెప్పిరి.

అందరును పరుండిన పిదప ఆయన రిజిస్టరు తీసి, ఖాళీగనున్న మూడు దినముల గళ్లను పూరించిరి. తేది వ్రాసిరి, గంట వ్రాసిరి. కొలత గడిలో పోయిన సొమ్ము వ్రాసిరి. తలుపుల స్థితి యను గడిలో ‘రెండును తెరచియున్నవి’ అని వ్రాసి, దాని ప్రక్కన మరునాటి తేదితో ‘మూయబడినవి, మనుమడు మూసెను’ అని వ్రాసి సంతకము చేసిరి.